చిన్న కార్యాలయమునకు ఉమ్మడి నిలువ పెట్టె: ఎన్నిక, కాపుదల, చికిత్స

పాఠశాల కార్యాలయమునందు కాగితముల బీరువా ప్రక్కనే నేడు కంటికి కానరాని మఱియొక బీరువా కలదు. ప్రవేశ పత్రములు, బదిలీ పత్రముల నకళ్లు, మార్కుల పట్టికలు, జీతముల లెక్కలు, ప్రశ్నపత్రములు, వార్షికోత్సవ ఛాయాచిత్రములు, ఇవన్నియు కంప్యూటరులలో ఫైళ్లుగా నిలిచి యున్నవి. వీనిలో కొన్ని వివరములు ప్రభుత్వమువారి ఎమిస్ పట్టికలయందును ఉండును. కాని తమిళనాడు పాఠ్యప్రణాళిక ననుసరించి తెలుగు ఉపాధ్యాయులు ఏండ్ల తరబడి కూర్చుకొన్న అభ్యాసములు, పాత సంచికల పుటలు, పూర్వవిద్యార్థుల చేర్పు పుస్తకముల చిత్రములు పోయినచో మఱల బజారున దొరకునవి కావు. బహుసంఖ్యాకుల భాషలో నడచు పాఠశాలకు ఒక ప్రశ్నపత్రము పోయినచో ప్రక్క పాఠశాల నడిగి తెచ్చుకొనవచ్చును. మనకట్టి ప్రక్క పాఠశాలలు ఎన్ని గలవు? ఇరువది యేండ్ల తరువాత పూర్వవిద్యార్థి వచ్చి ధ్రువపత్రము కోరునప్పుడు, యంత్రము చెడినది గనుక లేదని చెప్పుట తగిన సమాధానము కాదు.

ఇది పాఠశాలకు మాత్రమే చెందిన విషయము కాదు. ఈ సంచిక చదువు తల్లిదండ్రులలో పలువురు ఆడిటరు కార్యాలయములు, బట్టల కొట్లు, అచ్చుకూటములు, మందుల దుకాణములు నడుపుచున్నారు. నాలుగైదు కంప్యూటరులున్న ప్రతిచోటను ప్రశ్న యొక్కటే: అందఱి ఫైళ్లు ఒకచోట నుండవలెను, అందఱికి అందవలెను, పోకుండవలెను. ఈ మూడు కోరికలలో మొదటి రెండింటిని ఒక పెట్టె తీర్చును. మూడవదానిని పెట్టె యొక్కటే తీర్చలేదు. ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

నిలువ పెట్టె యనగా నేమి?

కంప్యూటరు వ్రాతను నిలువచేయు తిరుగుడు పళ్లెము 1956లో ఐ.బి.ఎమ్. సంస్థవారి రామాక్ యంత్రముతో ప్రపంచమునకు పరిచయమైనది. 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 కలిసి సుమారు 50 లక్షల అక్షరములను మాత్రమే నిలుపగలిగెను. నేడు అరచేతిలో నిముడు డిస్కు అంతకు లక్షలరెట్లు అధికముగా నిలుపుచున్నది. అట్టి డిస్కులను రెండింటినో నాలుగింటినో ఒక చిన్న పెట్టెలో నుంచి, దానికి స్వంత మెదడును ఇచ్చి, కేబులుతో కార్యాలయపు స్విచ్చికి తగిలించినచో అదియే ఉమ్మడి నిలువ పెట్టె. బజారున దీనిని నాస్ అందురు. రిచ్చీ వీధిలో అడిగినను ఈ పేరుతోనే దొరకును.

పెట్టెకును కంప్యూటరులకును నడుమ ఒక మాటల ఒప్పందము కావలెను. విండోస్ కంప్యూటరులు వాడు ఒప్పందమునకు ఎస్.ఎమ్.బి. అని పేరు. ఆస్ట్రేలియా దేశస్థుడగు ఆండ్రూ ట్రిడ్జెల్ 1992 ప్రాంతమున, ఈ భాషను విండోస్ కాని యంత్రములుకూడ మాటలాడునట్లు సాంబా అను ప్రోగ్రామును వ్రాసి అందఱికి ఉచితముగా నొసగెను. నేడు అమ్ముడగు నిలువ పెట్టెలలో పెక్కింటి లోపల లినక్స్, సాంబా పనిచేయుచున్నవి. ఈ సంగతి చికిత్సవేళ ఉపయోగించును.

ఎన్నిక

పెన్‌డ్రైవును చేతులు మార్చుట అన్నిటికంటె హీనమైన పద్ధతి. ఒకే ఫైలునకు నాలుగు రూపములేర్పడి ఏది సరియైనదో తెలియకపోవును. ఒకరి కంప్యూటరులోని ఫోల్డరును అందఱికి తెఱచియుంచుట కొంత మేలు. కాని ఆ ఉద్యోగి యంత్రము నార్పి యింటికి పోయినచో అందఱి పనియు నిలుచును. ఇంటర్నెట్టు మీద అద్దె కొట్లు సౌకర్యమైనవే, కాని వాని షరతులు మన చేతిలో నుండవు. పాఠశాలలకు పరిమితి లేని నిలువ నిచ్చుచుండిన గూగుల్ సంస్థ 2022లో దానిని సంస్థ కొక్కింటికి మొత్తము 100 టెరాబైట్ల పరిమితికి తెచ్చినది. పెద్ద విశ్వవిద్యాలయములకు దానివలన తొందర కలిగినది. కావున అద్దె కొట్టు రెండవ ప్రతికి మంచిది, ఏకైక ప్రతికి కాదు. నలుగురైదుగురు పనిచేయు చోటికి రెండు డిస్కుల నిలువ పెట్టె తగినది.

ఎంత పరిమాణము కావలెను? లెక్క వేసి చూతము. 600 మంది విద్యార్థులలో ఒక్కొక్కరికి 10 మెగాబైట్ల పత్రములైనచో మొత్తము 6 గిగాబైట్లు. పాత సంచికను అంగుళమునకు 600 చుక్కల సాంద్రతతో నలుపు తెలుపు ఛాయలలో చిత్రించినచో ఏ4 పుట కొక్కింటికి సుమారు 35 మెగాబైట్లు, 100 పుటల సంచికకు మూడున్నర గిగాబైట్లు, 40 సంచికలకు 140 గిగాబైట్లు అగును. పదేండ్ల వార్షికోత్సవముల చలనచిత్రములకును ఛాయాచిత్రములకును మఱియొక 450 గిగాబైట్లు చాలును. మొత్తము 600 గిగాబైట్లకు లోపే. ఐదేండ్లలో ఇది రెట్టింపైనను 4 టెరాబైట్ల డిస్కులో మూడవవంతు మించదు. అంగడివాడు చెప్పిన పెద్ద పెట్టె అక్కఱలేదు. 4 టెరాబైట్ల డిస్కు విండోసులో 3.6గా కనబడినచో మోసమని తలపరాదు. తయారుచేయువారు వేయింట లెక్కింతురు, విండోస్ 1024 చొప్పున లెక్కించును. భేద మంతయు అంతే.

డిస్కులను కొనునప్పుడు రెండు సంగతులు కనిపెట్టవలెను. మొదటిది, కొన్ని డిస్కులలో వ్రాతగీతలు ఇంటికప్పు పెంకులవలె ఒకదానిమీద నొకటి కొంత కప్పియుండును. ఒక పెంకును మార్చవలెనన్న ప్రక్క పెంకులనుకూడ లేపవలసినట్లు, ఒక గీతను తిరుగ వ్రాయుటకు ప్రక్క గీతలనుకూడ వ్రాయవలెను. చెడిన డిస్కు స్థానమున దీనిని పెట్టినచో పునర్నిర్మాణము మిక్కిలి ఆలస్యమగును. నిలువ పెట్టెకు పెంకుల పద్ధతి కాని డిస్కునే అడుగవలెను. రెండవది, రెండు డిస్కులును ఒకే గుత్తిలో తయారైనవి కాకుండుట మంచిది. ఒకే లోపమున్నచో రెండును ఒకే కాలమున చెడవచ్చును.

జంట డిస్కుల ధర్మము

1988లో బర్క్‌లీ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను ముగ్గురు, చవుక డిస్కులు కొన్నింటిని కూర్చినచో ఖరీదైన పెద్ద డిస్కుకంటె నమ్మకముగా పనిచేయించవచ్చునని వ్యాసము ప్రకటించిరి. దానినే రెయిడ్ అందురు. అందు సులభమైన పద్ధతి అద్దపు జంట: ఒక డిస్కుమీద వ్రాసినదెల్ల రెండవదానిమీదను అదే క్షణమున పడును. ఒకటి చెడినను పని నిలువదు. మూడు డిస్కుల పద్ధతి వేఱు. 7, 5 అను అంకెల మొత్తము 12 అని మూడవచోట వ్రాసియుంచితిమనుకొనుడు. 7 చెరిగిపోయినను, 12 నుండి 5 తీసివేసి దానిని మఱల కనుగొందుము. ఆ పద్ధతి ఇంచుమించుగా నిట్లే నడచును. చిన్న కార్యాలయమునకు అద్దపు జంటయే చాలును.

అయితే అద్దమునకు వివేకము లేదు. గుమాస్తా పొరపాటున ఒక ఫోల్డరును చెరిపినచో రెండు డిస్కులమీదను అది చెరుగును. ఫైళ్లకు తాళమువేసి సొమ్మడుగు దొంగ ప్రోగ్రాము చొచ్చినచో రెండింటికిని తాళము పడును. నీరు పెట్టెలోనికి వచ్చినచో రెండును తడియును. కావున జంట డిస్కులు పని నిలిచిపోకుండుటకు సాధనమే కాని, ప్రతి కాదు.

ప్రతి యనగా నేమి?

ఈ మాట తెలుగువారికి క్రొత్త కాదు. తాటాకు గ్రంథములు మనకు దక్కుటకు ఆకు గట్టిదనము ఒక్కటే కారణము కాదు. ఆకు జీర్ణము కాక పూర్వమే లేఖకుడు మఱియొక ప్రతి వ్రాయుచుండుటయు కారణము. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు వేర్వేఱు ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన సేకరణ తుదకు చెన్నపురిలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినది. ఒక యింటి ప్రతిని చెదలు తినినను వేఱొక యింటి ప్రతి మిగిలియుండుటచేతనే ఆ పని సాధ్యమైనది. ఒకే యింట రెండు ప్రతులున్నచో చెదలకు రెండును సమానమే.

నేటి నిపుణులు ఈ నీతినే మూడు, రెండు, ఒకటి అను సూత్రముగా చెప్పుచున్నారు. మూడు ప్రతులుండవలెను, అవి రెండు విధముల సాధనములమీద నుండవలెను, అందొకటి భవనమునకు వెలుపల నుండవలెను. మన పాఠశాల వంటిచోట మొదటిది నిలువ పెట్టె. రెండవది వారమున కొకసారి తగిలించి, పని ముగియగానే ఊడదీసి బీరువాలో పెట్టు బయటి డిస్కు. తగిలించియే యుంచిన డిస్కు దొంగ ప్రోగ్రామునకు చిక్కును గనుక ఊడదీయుట ముఖ్యము. మూడవది రహస్యలిపిలో ఇంటర్నెట్టు కొట్టునకు పంపునది, లేక తిరుపతిలోనో నెల్లూరిలోనో నమ్మకమైన వారియింట నుంచు డిస్కు.

దూరము ఏల యని యడుగవచ్చును. 2015 డిసెంబరు మొదటి దినములలో చెంబరంబాక్కం చెరువునీరు వదలగా అడయారు నది పొంగి కొట్టూరుపురము, సైదాపేట మొదలగు చోట్ల క్రింది అంతస్తులు మునిగినవి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెట్లను, విద్యుత్ స్తంభములను కూల్చినది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వేళ వేళచ్చేరి ప్రాంతము నీట నిలిచినది. ఒక వీథిలో నున్న ప్రతులన్నియు ఒకే నీటికి లోబడును. నిలువ పెట్టెను నేలమీద గాని క్రింది అంతస్తున గాని ఉంచరాదు. దానికి యు.పి.ఎస్. తప్పక కావలెను. యు.పి.ఎస్.నుండి పెట్టెకు ఒక చిన్న యు.ఎస్.బి. తీగ తగిలించినచో, కరెంటు పోయిన కొంతసేపటికి పెట్టె వ్రాయుచున్నదానిని ముగించి తనంత తానే ఆగును.

బయటి శత్రువులనుకూడ మఱువరాదు. 2017 మే నెల 12న వానాక్రై అను దొంగ ప్రోగ్రాము ఎస్.ఎమ్.బి. మొదటి కూర్పులోని లోపముగుండా చొచ్చి 150 దేశములకు ప్రాకినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటరులును దానికి చిక్కినవి. ఆ లోపమునకు మందును మైక్రోసాఫ్టు సంస్థ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చియుండెను. వేసికొననివారు నష్టపోయిరి. 2021 జూనులో, తయారుచేసినవారు 2015 తరువాత సవరణలు నిలిపివేసిన ఒక రకపు నిలువ డిస్కులను దొంగలు ఇంటర్నెట్టు ద్వారముననే ఖాళీచేసిరి. కావున ఎన్ని యేండ్లు సవరణలు వచ్చునో అడిగియే పెట్టెను కొనవలెను, వచ్చిన సవరణలను వేయించవలెను, ఇంటినుండి చూచు సౌఖ్యమునకై పెట్టెను నేరుగా ఇంటర్నెట్టునకు తెఱచియుంచరాదు. పిల్లల వివరములు మన యొద్ద నున్నవి. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు శాసనముకూడ చేసినది.

చికిత్స

పెట్టె కనబడలేదని కేక వినబడగానే ఆర్పి వెలిగించుట పలువురి అలవాటు. వైద్యుడు నాడి చూచి మందిచ్చినట్లు వరుసగా పరీక్షింపవలెను. మొదటి ప్రశ్న: అందఱికి కనబడుటలేదా, ఒక్కరికేనా? అందఱికైనచో దోషము పెట్టెయందో స్విచ్చియందో కలదు. ఒక్కరికైనచో ఆ కంప్యూటరునందో దాని కేబులునందో కలదు. ఈ ఒక్క ప్రశ్నతో సగము పని తీరును.

తరువాత కేబులును చూడవలెను. వేగమైన మార్గమునకు కేబులులోని ఎనిమిది తీగలును కావలెను. ఒక తీగ తెగినను ఒక్కొక్కప్పుడు సంబంధము నిలుచును గాని, వేగము 1000 మెగాబిట్ల నుండి 100కు పడిపోవును. అప్పుడు 4 గిగాబైట్ల చలనచిత్రము అరనిమిషమునకు బదులు ఆఱు నిమిషములు పట్టును. పెట్టె ముసలిదైనదని క్రొత్తది కొనుటకు ముందు కేబులు మార్చి చూడుడు.

మూడవది చిరునామా. కరెంటు పోయి వచ్చిన తరువాత రౌటరు పెట్టెకు వేఱొక అంకెల చిరునామా నిచ్చియుండవచ్చును. రౌటరునందు పెట్టెకు ఒక చిరునామాను శాశ్వతముగా కేటాయించినచో ఈ బాధ తీరును. కంప్యూటరు చిరునామా 169.254తో ప్రారంభమైనచో దానికి రౌటరు పలుకుటలేదని అర్థము.

నాలుగవది పేరు. అంకెల చిరునామాతో తెఱచుకొని పేరుతో తెఱచుకొననిచో పెట్టె ఆరోగ్యముగానే యున్నది, పేరును కనుగొను ఏర్పాటు మాత్రమే చెడినది. విండోస్ చూపు నెట్‌వర్కు జాబితాలో పెట్టె లేనంతమాత్రమున అది పోయినదని తలపరాదు.

ఐదవది అనుమతి. విండోస్ సవరణ వేసిన మరునాడే ద్వారము మూసికొనిపోయినదను ఫిర్యాదు తఱచు వినబడును. 2024లో వచ్చిన విండోస్ 11 యొక్క 24హెచ్2 కూర్పు, సందేశములపై సాంకేతికమైన సంతకము లేని సంబంధమును అంగీకరింపదు. ప్రో రకమున పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశమునుకూడ నిలిపినది. దీనికి పాత మొదటి కూర్పును తెఱచుట మందు కాదు, అది వానాక్రై చొచ్చిన ద్వారమే. పెట్టె ప్రోగ్రామును సవరించి, ఒక్కొక్క ఉద్యోగికి వేఱు పేరు, వేఱు పాస్‌వర్డు ఏర్పఱచుటయే సరియైన మందు. ఉపాధ్యాయులకు ప్రశ్నపత్రముల ఫోల్డరు, లెక్కల గుమాస్తాకు జీతముల ఫోల్డరు, ఎవరిపనికి కావలసినది వారికే తెఱచియుండవలెను.

లెక్కల ప్రోగ్రాముల విషయమున ఒక హెచ్చరిక. వై-ఫై మీద పనిచేయుచు, నడుమ సంబంధము తెగినచో సగము వ్రాసిన లెక్క చెడిపోవచ్చును. లెక్కల బల్లకు కేబులే శరణ్యము.

డిస్కు టక్కు టక్కున మ్రోగినను, పెట్టె ఎఱ్ఱదీపము చూపినను మాటిమాటికి ఆర్పి వెలిగింపరాదు. ముందుగా బయటి డిస్కులోని ప్రతి సరిగా నున్నదో లేదో చూడుడు. పిమ్మట చెడినది ఏ డిస్కో వరుససంఖ్యతో నిర్ధారించి, దానినే తీయుడు. జంటలో చెడినదానికి బదులు మంచిదానిని ఊడబెఱికి సర్వము పోగొట్టుకొన్నవారు కలరు. డిస్కును సిద్ధపఱతునా అని తెర యడిగినప్పుడు తెలియక సరే యనరాదు. సిద్ధపఱచుట యనగా తుడిచివేయుట.

తెలుగు ఫైళ్లకు ప్రత్యేకము

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుట మంచిదే. కాని యూనికోడు పద్ధతిలో సామాన్యముగా ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. గుణింతపు గుర్తు, పొల్లు వేఱుగా లెక్కకు వచ్చును. శ్రీ అను ఒక్క అక్షరమునకు నాలుగు గుర్తులు, 12 బైట్లు. వార్షికోత్సవము అను పదమునకు 42 బైట్లు. లినక్స్ పెట్టెలలో ఫైలు పేరు సామాన్యముగా 255 బైట్లు దాటరాదు, అనగా సుమారు 85 తెలుగు గుర్తులు. రహస్యలిపి ఫోల్డరులు కొన్నింటిలో పరిమితి 143 బైట్లే, అనగా 47 గుర్తులు. విండోసులో చక్కగానున్న ఫైలు పెట్టెలోనికి ఎక్కకపోయినచో పేరును కుదించి చూడుడు.

పాత సంచికలను పేజ్‌మేకరులో అను ఫాంటులతో కూర్చియుందురు. ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో తెలుగు మాయమై ఇంగ్లీషు గుర్తుల గజిబిజి కనబడును. తెలుగు 1991లోనే యూనికోడునకెక్కినను అచ్చుకూటములు చాలకాలము పాత పద్ధతినే వాడినవి. అట్టి ఫైలును నిలువచేయునప్పుడు దాని ఫాంటును, ఒక పి.డి.ఎఫ్. ప్రతిని, వీలైనచో యూనికోడునకు మార్చిన పాఠమును ఒకే ఫోల్డరులో నుంచవలెను. బైట్లు మిగిలి, చదువ వీలులేకున్న ప్రతి మిగిలినట్లు కాదు.

తుది మాట

తిరిగి తీసి చూడని ప్రతిని నమ్మరాదు. మూడు నెలల కొకసారి బయటి డిస్కునుండి ఏదైన నొక పాత ఫైలును తీసి, తెఱచి, చదివి, తేదీతో ఒక నోటుపుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను. పెట్టె పాస్‌వర్డు ఒక్కరి జ్ఞాపకమున మాత్రమే యుండరాదు. ముద్రవేసిన కవరులో ప్రధానోపాధ్యాయుని బీరువాలో ఒకటి, సంఘ కార్యదర్శి యొద్ద నొకటి యుండవలెను. ఉద్యోగి వెడలినప్పుడు పాస్‌వర్డు మార్చవలెను.

ఈ పనికి ధనముకంటె క్రమము ఎక్కువ కావలెను. తల్లిదండ్రులలో ఈ విద్య తెలిసినవారు చెన్నైలో కొదువ లేరు. వారిలో ఇద్దఱు మూడు నెలల కొక శనివారము పాఠశాలకు వచ్చి, కార్యాలయమువారి ప్రక్కన కూర్చుండి ఈ పరీక్ష జరిపించినచో చాలును. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిరి. ఈశాన్య ఋతుపవనము రాక పూర్వమే, అనగా సెప్టెంబరు నెల ముగియులోగా, మొదటి పరీక్ష జరుపుట మేలు.